రేపటి సంగతులు చెప్పినవారికి కళింగ బహుమతి

(పై తరగతుల పిల్లలకూ, ఇంట్లో వారితో కలిసి చదివే పెద్దలకూ ఒక పాఠం)

పిల్లలూ!

పరుగుపందెంలో గెలిస్తే బహుమతి ఇస్తారు. పాట బాగా పాడితే ఇస్తారు. కొత్త విషయం కనిపెట్టిన శాస్త్రవేత్తకు నోబెల్ బహుమతి ఇస్తారని మీకు తెలుసు. మరి ఆ శాస్త్రవేత్త కనిపెట్టినదాన్ని మీకూ నాకూ, మన అమ్మమ్మకూ తాతయ్యకూ అర్థమయ్యేలా విడమరిచి చెప్పినవారికి ఎవరైనా బహుమతి ఇస్తారా?

ఇస్తారు. దాని పేరు కళింగ బహుమతి. ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సంస్థ దీన్ని ఇస్తుంది. యునెస్కో ఇచ్చే విజ్ఞాన బహుమతుల్లో ఇదే అన్నిటికన్నా పాతది. ఇది పుస్తకాలకు మాత్రమే కాదు. ఉపన్యాసాలు, రేడియో, టీవీ, సినిమా, ఏ దారిలోనైనా సరే, విజ్ఞానాన్ని జనం దగ్గరకు తీసుకెళ్లినవారికి ఇస్తారు. అయితే ఈ బహుమతి పొందినవారిలో చాలామంది రాసిన పుస్తకాలు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: "మనిషి రేపు ఏమవుతాడు?" ఈ పాఠంలో ఆ పుస్తకాల సంగతీ, వాటిని రాసినవారి సంగతీ తెలుసుకుందాం.

కళింగ అనే పేరు ఎందుకు వచ్చింది?

ఈ పేరు మనకు పరాయిది కాదు. పూర్వం కళింగ దేశం అంటే నేటి ఒడిషాతో పాటు మన ఉత్తరాంధ్ర కూడా. శ్రీకాకుళం జిల్లాలో వంశధార నది సముద్రంలో కలిసే చోట కళింగపట్నం ఉంది. అదే నది ఒడ్డున ఉన్న ముఖలింగం ఒకప్పుడు తూర్పు గాంగరాజుల రాజధాని. మీలో ఎవరి తాతగారి ఊరైనా అటువైపు ఉంటే మీరూ కొంత కళింగులే!

చరిత్రలో కళింగ అనగానే గుర్తొచ్చేది యుద్ధం. క్రీస్తు పూర్వం 261 ప్రాంతంలో అశోక చక్రవర్తి కళింగ మీద దండెత్తి గెలిచాడు. అక్కడ జరిగిన ప్రాణనష్టం చూసి బాధపడి, ఇకపై ధర్మంతోనే జయిస్తానని శాసనాలు చెక్కించాడు.

రెండు వేల ఏళ్లు గడిచాక ఆ పేరుతోనే ఒక మంచి పని మొదలైంది. ఒడిషాకు చెందిన బిజూ పట్నాయక్ (1916-1997) గొప్ప విమాన చోదకుడు. 1947లో, డచ్చివారి పాలన నుంచి బయటపడడానికి పోరాడుతున్న ఇండోనేషియాకు స్వయంగా విమానం నడుపుకుంటూ వెళ్లి, అక్కడి నాయకుడు షరీర్‌ను ఢిల్లీకి చేర్చిన సాహసి. తరువాత రెండుసార్లు ఒడిషా ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన స్థాపించిన కళింగ ఫౌండేషన్ ట్రస్టు ఇచ్చిన విరాళంతో 1951లో యునెస్కో ఈ బహుమతిని ఏర్పాటు చేసింది. 1952లో మొదటి బహుమతి ఫ్రాన్సు దేశపు భౌతిక శాస్త్రవేత్త లూయీ ద బ్రోలీకి దక్కింది. మొదట్లో ఏటా ఇచ్చేవారు. తరువాత రెండేళ్లకొకసారి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఒక్కసారి ఆలోచించండి. 1951 నాటికి మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లే అయింది. చదవడం, రాయడం వచ్చినవారు నూటికి ఇరవైమంది కూడా లేరు. అలాంటి దేశం నుంచి ఒక వ్యక్తి, ప్రపంచంలో ఎవరు విజ్ఞానాన్ని జనానికి బాగా చెప్పినా బహుమతి ఇస్తానన్నాడు. తన ఇంట్లో దీపం వెలిగించుకోవలసిన అవసరం ఉన్నవాడే వీధి దీపానికి నూనె పోశాడన్నమాట.

ఒక ఊహ, ఒక గొడుగు, ఒక పల్లెటూరు

1961లో కళింగ బహుమతి ఆర్థర్ సి. క్లార్క్‌కు వచ్చింది. ఆయన ఇంగ్లండులో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన రచయిత. మనలాగే పుట్టిన దేశం ఒకటి, ఉన్న దేశం ఒకటి. 1962లో వచ్చిన 'ప్రొఫైల్స్ ఆఫ్ ద ఫ్యూచర్' అనే పుస్తకంలో ఆయన మానవజాతి ముందున్న అవకాశాలను చర్చించాడు.

అంతకుముందే, 1945లో, 'వైర్‌లెస్ వరల్డ్' అనే పత్రికలో ఆయన ఒక వ్యాసం రాశాడు. భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒక ఉపగ్రహాన్ని తిప్పితే, భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే సమయమే దానికీ ఒక చుట్టు తిరగడానికి పడుతుంది. అప్పుడు కింద ఉన్నవారికి అది ఆకాశంలో ఒకేచోట నిలబడినట్టు కనిపిస్తుంది. అలాంటివి మూడు ఉంటే దాదాపు ప్రపంచమంతటికీ వార్తలు పంపవచ్చు అన్నాడు.

ఇది ఎలాగో అర్థం కావాలంటే తిరునాళ్లలో రంగులరాట్నం గుర్తుచేసుకోండి. మీరు గుర్రం మీద కూర్చుని గుండ్రంగా తిరుగుతున్నారు. మీ నేస్తం బయట, రాట్నం తిరిగే వేగానికి సరిగ్గా సరిపోయేలా చుట్టూ పరుగెత్తుతున్నాడు. మీకు ఆ నేస్తం ఎప్పుడూ ఎదురుగానే ఉన్నట్టు కనిపిస్తాడు కదా! భూమి రాట్నం అయితే ఉపగ్రహం ఆ నేస్తం.

ఒకప్పుడు తెలుగు ఛానళ్ల కోసం మనవాళ్లు ఇంటి కప్పుల మీద పెట్టించుకున్న డిష్ గొడుగులు కదలకుండా ఒకేవైపు చూస్తూ ఉండడానికి కారణం ఇదే. ఇంకో చిన్న సంగతి గమనించండి. ఈ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు పైన ఉంటాయి. అందుకే వెర్రిబీలో డిష్‌లు ఉత్తరపు వైపుకు, హైదరాబాదులో దక్షిణపు వైపుకు తిరిగి ఉంటాయి.

క్లార్క్ చెప్పినదంతా అచ్చంగా జరగలేదు. ఆ ఉపగ్రహాల్లో మనుషులు కాపురముండి యంత్రాలను చూసుకుంటారని ఆయన అనుకున్నాడు. అప్పటి రేడియో పరికరాల్లో వాడే గాజు గొట్టాలు మాడిపోతే మార్చడానికి మనిషి కావాలి మరి! 1947 చివరిలో ట్రాన్సిస్టర్ వచ్చి ఆ అవసరాన్ని తీసేసింది. ఊహలో ముఖ్యమైన భాగం నిలిచింది, వివరం తప్పింది. భవిష్యత్తును గురించి రాసే పుస్తకం చదివేటప్పుడు ఈ రెంటినీ వేరుచేసి చూడడం నేర్చుకోవాలి.

ఇక ఈ కథలో మన తెలుగువారి వంతు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు భారతదేశం ఒక పెద్ద ప్రయోగం చేసింది. దాని పేరు సైట్. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వల లాంటి జాలీతో చేసిన పది అడుగుల గొడుగు, ఒక టీవీ, దాని ముందు ఊరంతా! ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దవారికి వ్యవసాయం, ఆరోగ్యం గురించిన కబుర్లు, అదీ తెలుగులో. సినిమా హాలు కూడా లేని ఊళ్లకు ఆకాశం నుంచి తెలుగు మాట దిగింది. క్లార్క్ వ్యాసానికీ ఈ పల్లెలకూ మధ్య దూరం సరిగ్గా ముప్ఫై ఏళ్లు. ఇస్రో ఇంజనీర్లు కొలంబోలోని క్లార్క్ ఇంటి దగ్గర కూడా ఒక గొడుగు పెట్టి, ఆయన ఊహను ఆయనకే చూపించారు.

ఆ ప్రయోగం నడిపినవారిలో ముఖ్యులు, అహ్మదాబాదు అంతరిక్ష ఉపయోగ కేంద్రం అధిపతి యశ్ పాల్. తరువాత ఆయన దూరదర్శన్‌లో పిల్లల ప్రశ్నలకు ఓపికగా జవాబులు చెప్పి దేశమంతటికీ మాస్టారయ్యారు. 2009లో కళింగ బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకరు. ఊహించినవాడికీ, ఆ ఊహను పల్లెకు చేర్చినవాడికీ ఒకే బహుమతి రావడం బాగుంది కదూ!

భయం చెప్పినవారు, బాధ్యత చెప్పినవారు

భవిష్యత్తు అంటే వింతలే కాదు. 1945లో హిరోషిమా, నాగసాకి నగరాల మీద అణుబాంబులు పడ్డాక, మనిషికి అసలు రేపనేది ఉందా అన్న అనుమానం పుట్టింది. 1957లో కళింగ బహుమతి పొందిన బెర్ట్రాండ్ రస్సెల్ 1961లో 'హాజ్ మాన్ ఎ ఫ్యూచర్?' అనే పుస్తకం రాశాడు. పేరే ఒక ప్రశ్న! 1965లో బహుమతి పొందిన యూజీన్ రాబినోవిచ్ అణుబాంబు తయారీలో పాల్గొన్న శాస్త్రవేత్త. యుద్ధం ముగిశాక ఆయన ఒక పత్రిక స్థాపకుల్లో ఒకడై, అణ్వాయుధాల ప్రమాదాన్ని జనానికి వివరించడంలో జీవితం గడిపాడు. ఆ పత్రిక 1947లో తన ముఖచిత్రం మీద ఒక గడియారం వేసింది. అర్ధరాత్రి అంటే ప్రళయం అనుకుంటే, ముల్లు దానికి ఎంత దగ్గరలో ఉందో చూపే బొమ్మ అది. మొదట ఏడు నిమిషాల దూరంలో ఉన్న ముల్లు 2025 జనవరిలో 89 సెకన్ల దూరానికి వచ్చింది.

1986లో బహుమతి పొందిన డేవిడ్ సుజుకీ కెనడాలో పుట్టిన జపాను సంతతివాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, జపాను మూలాలున్నవారన్న కారణంతో చిన్నపిల్లవాడైన ఆయన్నీ కుటుంబాన్నీ నిర్బంధ శిబిరంలో ఉంచారు. అలాంటి పిల్లవాడు పెద్దయ్యాక అదే దేశానికి టీవీలో ప్రకృతి పాఠాలు చెప్పి, రాబోయే తరాలకు గాలీ నీరూ మిగల్చండని అడిగాడు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు తమ కొత్త దేశపు రేపటి గురించి మాట్లాడే హక్కు ఉన్నవారేనని ఆయన జీవితం చెబుతుంది.

లండన్‌లోని రాయల్ సొసైటీ కూడా 1988 నుంచి జనరంజక విజ్ఞాన పుస్తకాలకు బహుమతి ఇస్తోంది. 2024లో ఆ బహుమతి 'ఎ సిటీ ఆన్ మార్స్' అనే పుస్తకానికి వచ్చింది. రాసినవారు భార్యాభర్తలు: కెల్లీ వీనర్‌స్మిత్ జీవశాస్త్రవేత్త, జాక్ వీనర్‌స్మిత్ కార్టూనిస్టు. అంగారకుడి మీద ఊరు కట్టుకుందామని అందరూ ఉత్సాహపడుతుంటే, వారు నాలుగేళ్లపాటు చదివి, విచారించి, ఇంకా చాలా విషయాలు తెలియవు, తొందరపడవద్దు అని రాశారు. అక్కడ పిల్లలు ఆరోగ్యంగా పుట్టి పెరగగలరా? తగాదా వస్తే ఎవరి చట్టం? ఇలాంటి ప్రశ్నలు. గొప్పగా కలలు కన్నవారికే కాదు, "ఆగండి, ఆలోచిద్దాం" అన్నవారికి కూడా బహుమతి వచ్చిందని గమనించండి.

సొంత భాషలో చెప్పినవారు

1967లో కళింగ బహుమతి బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయల్‌కు వచ్చింది. 1996లో ఆయన శిష్యుడు జయంత్ నార్లికర్‌కు వచ్చింది. గురువుకీ శిష్యుడికీ అదే బహుమతి! నార్లికర్ కేంబ్రిడ్జిలో చదివి, ప్రపంచ ప్రఖ్యాతి పొంది, తన మాతృభాష మరాఠీలో విజ్ఞాన కథలు రాశారు. మరుసటి ఏడు, 1997లో, మన హైదరాబాదులోని సీసీఎంబీ సంస్థకు అధిపతిగా ఉన్న దొరైరాజన్ బాలసుబ్రమణియన్ గారికి బహుమతి వచ్చింది. కంటిలోని కటకం గురించీ, శుక్లాల గురించీ పరిశోధించినవారాయన. పరిశోధనతోపాటు పత్రికలో సామాన్య పాఠకుల కోసం శీర్షిక కూడా నడిపారు.

మరి తెలుగులో? మనకూ ఉన్నారు. మహీధర నళినీమోహన్ పిల్లలకు భౌతికశాస్త్రాన్ని సరదా మాటల్లో చెప్పారు. కొడవటిగంటి రోహిణీప్రసాద్ (1949-2012) అణుశాస్త్రవేత్తగా పనిచేస్తూనే, సంగీతం గురించీ జీవపరిణామం గురించీ తెలుగులో వ్యాసాలు రాశారు. వేమూరి వేంకటేశ్వరరావు అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం బోధిస్తూ తెలుగులో 'జీవరహస్యం' లాంటి పుస్తకాలు రాశారు. ఆయన కూడా మనలాంటి ప్రవాసాంధ్రుడే.

పెద్దలకు ఒక మాట. మన ఇళ్లలో తెలుగు దేనికి వాడుతున్నాం? "అన్నానికి రా", "చెప్పులు విప్పు", "ఎన్నిసార్లు చెప్పాలి?" బడి సంగతులు, కంప్యూటర్ సంగతులు, వాతావరణ మార్పు సంగతులు వచ్చేసరికి భాష మారిపోతుంది. అలా నడిస్తే, పిల్లల మనసులో తెలుగు అంటే వంటిల్లూ, పండుగలూ, పాత కథలూ అవుతుంది. నిన్నటి భాషగా మిగులుతుంది. వారికి అన్నిటికన్నా ముఖ్యమైనది రేపు. రేపటి గురించి మాట్లాడడానికి పనికిరాదనుకున్న భాషను పదిహేనేళ్లు వచ్చాక పిల్లలు వదిలేస్తే తప్పు వారిది కాదు. ఫోనులో "బాగున్నావా, తిన్నావా" తరువాత తాతగారితో ఏం మాట్లాడాలో తెలియక పిల్లవాడు ఫోను అమ్మకు ఇచ్చేయడం మనమందరం చూస్తున్నదే. అంగారకుడి మీద ఊరు గురించి ఆ తాతగారినే అడగనివ్వండి. ఆయనకూ ఒక అభిప్రాయం ఉంటుంది!

తెలుగు వ్యాకరణంలో రేపు ఎక్కడుంది?

ఇప్పుడు ఒక భాషా పాఠం. ఈ వాక్యం చూడండి: "నేను తెలుగు చదువుతాను." ఇది రోజూ చేసే పనా, రేపు చేయబోయే పనా? రెండూ! "రోజూ చదువుతాను", "రేపు చదువుతాను", క్రియ ఒక్కటే. వాడుక తెలుగులో అలవాటుకీ భవిష్యత్తుకీ ఒకే రూపం. రోజూ చేసేదే రేపు కూడా చేస్తామని మన భాష అనుకుంటోందేమో!

అయితే రేపటి గురించి ఎంత నమ్మకంగా చెబుతున్నామో తెలపడానికి మన దగ్గర చక్కని రూపాలున్నాయి.

"వాన పడుతుంది": గట్టి నమ్మకం.
"వాన పడేలా ఉంది": మబ్బులు చూసి చెప్పడం, అంటే ఆధారం ఉంది.
"వాన పడవచ్చు": పడే వీలుంది, పడకపోయే వీలూ ఉంది.
"వాన పడితే...": షరతు.
"వాన పడాలి": కోరిక, లేదా అవసరం.

విజ్ఞాన పుస్తకం చదివేటప్పుడు రచయిత ఏ రూపం వాడాడో చూడండి. ఆధారం లేకుండా ప్రతి మాటా "అవుతుంది, అవుతుంది" అన్నాడంటే కొంచెం జాగ్రత్త పడండి. "ఇలా చేస్తే ఇలా కావచ్చు" అన్నవాడు మనల్ని ఆలోచించమంటున్నాడు.

మన వెర్రిబీలో రేపటిని చూసినవారు

రేపటి గురించి ఆలోచించినవారి పని చూడడానికి దూరం వెళ్లనక్కరలేదు. 1880ల్లో మెల్బోర్న్ సంపన్న నగరమే కానీ, మురుగు కాలువలు వీధుల్లోనే పారేవి. కంపు, టైఫాయిడ్ జ్వరాలు. అప్పుడు నగరమంతటి మురుగునూ భూమిలోపలి గొట్టాల ద్వారా బయటకు పంపాలని నిర్ణయించారు. అది చేరిన చోటు మన వెర్రిబీ. 1897లో మొదలైన ఆ కేంద్రం నేటికీ మెల్బోర్న్ మురుగులో సుమారు సగాన్ని శుద్ధి చేస్తోంది. అక్కడి చెరువులు వేలాది పక్షులకు నెలవై, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరాయి. శుద్ధి చేసిన నీరు వెర్రిబీ సౌత్ కూరగాయల తోటలకు కూడా వెళుతోంది. మురుగులోంచి వచ్చే వాయువుతో విద్యుత్తు తయారవుతోంది. 1890ల్లో గొట్టాలు వేసినవారు మన ముఖాలు చూడలేదు, మన పేర్లు వినలేదు. అయినా వారు వేసిన దారినే మనం వాడుతున్నాం.

మన బడికి ఒక బహుమతి

రాయల్ సొసైటీ వారికి పిల్లల పుస్తకాల బహుమతి ఒకటుంది. పెద్దలు కొన్ని పుస్తకాలు ఎంపిక చేస్తారు. వాటిలో గెలిచినదేదో తేల్చేది బడిపిల్లలే. ఇలాంటిది మన తెలుగు బడిలోనూ చేయవచ్చు. పద్ధతి ఇది:

1. తరగతిలో ముగ్గురు నలుగురు కలిసి ఒక జట్టు కావాలి.
2. ప్రతి జట్టు రేపటి వెర్రిబీ గురించి ఎనిమిది పేజీల చిన్న పుస్తకం తెలుగులో రాయాలి. నీరు, ఇళ్లు, రైళ్లు, పొలాలు, ఆటలు, భాష, ఏదైనా ఒక్క అంశం.
3. ప్రతి పేజీలో ఒక ఆధారం ఉండాలి. "నాకు అనిపించింది" అంటే చాలదు. కొలిచినది, చూసినది, అడిగి తెలుసుకున్నది కావాలి.
4. ఒక పేజీ అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్యలలో ఒకరిని అడిగి రాయాలి: "మీ చిన్నప్పుడు ఇప్పటి కాలం ఎలా ఉంటుందనుకున్నారు? ఏది నిజమైంది? ఏది కాలేదు?"
5. తీర్పు చిన్న తరగతుల పిల్లలది. వారికి అర్థమైన పుస్తకానికే బహుమతి!

కొత్త మాటలు

పురస్కారం: గౌరవంగా ఇచ్చే బహుమతి.
ఉపగ్రహం: గ్రహం చుట్టూ తిరిగేది. చంద్రుడు సహజమైనది, ఏటీఎస్-6 మనుషులు చేసినది.
కక్ష్య: ఉపగ్రహం తిరిగే దారి.
అంచనా: ఆధారాలు చూసి ముందుగా చెప్పేది.
జోస్యం: ఆధారం అడగకుండా చెప్పేది.
కటకం: కంటిలో వెలుగును కూడదీసే భాగం.
శుద్ధి: మలినం తీసివేయడం.

ప్రశ్నలు

1. కళింగ బహుమతికి ఆ పేరు ఎలా వచ్చింది? ఏ జిల్లాలో ఆ పేరుగల ఊరు ఉంది?
2. క్లార్క్ ఊహలో నిజమైనదేది? తప్పినదేది? ఎందుకు తప్పింది?
3. డిష్ గొడుగు కదలకుండా ఉన్నా టీవీ ఎలా కనిపిస్తుంది? రంగులరాట్నం ఉదాహరణతో చెప్పండి.
4. అంచనాకూ జోస్యానికీ తేడా ఏమిటి? ఒక్కోదానికి ఒక వాక్యం రాయండి.
5. "2060లో వెర్రిబీ" అనే అంశం మీద ఐదు వాక్యాలు రాయండి. పైన చెప్పిన ఐదు రూపాలూ ఒక్కొక్కసారి రావాలి.

ఇంటి పని: ఈ వారం తాతయ్యకో అమ్మమ్మకో ఫోను చేసినప్పుడు నాలుగో అంశంలోని ప్రశ్న అడగండి. జవాబు వారి మాటల్లోనే రాసుకుని వచ్చే వారం తరగతికి తీసుకురండి.